పాచి మేసే చేపలు

పాచి అంటే మురికని మనకు ఎవడు నేర్పాడో గాని, వాడు ఎన్నడూ నీళ్ళలోకి చూసి ఉండడు.

డెబ్బైల మొదట్లో మాదాపూర్‌లో రాళ్ళు కొట్టేవాణ్ణి. మా వాడకట్టుకు తాగునీళ్ళు ఒక మెట్ల బావివి. దాని బండల మీద వేలెడంత చేపలుండేవి. వాటి నోరు ముందుకు కాదు, కిందికి. పొద్దంతా రాతిని గీకి పాచి మేసేవి. ఒక్కో చేపకు ఒక్కో బండ. పక్కది దగ్గరికొస్తే తరిమేది. తర్వాతెప్పుడో నాకు నేనే అక్షరాలు కూడబలుక్కున్నాక, కోఠిలో కొన్న పాత పుస్తకంలో చదివాను. సముద్రంలో పగడపు దిబ్బల మీదా ఇలాంటి చేపలున్నాయట. అవి మేయకపోతే పాచి పగడాన్ని కప్పి చంపుతుందట. ఆ చదువు నాకు ఆలస్యంగా వచ్చింది.

కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య మొదటి కడవ ముంచుతూనే నవ్వింది.

“ఏందయ్యా, మా మూసాపేట బాయిల అడుగు కనబడ్తది. మీ బాయేంది, పొద్దుగాల మొఖం కడగనోళ్ల లెక్క పాచి పట్టి ఉన్నది!”

“జర కడిగియ్యి, కొత్త పిల్ల అలుగుతది” అంది పక్కింటామె నాతో. అందరూ పకపక నవ్వారు.

నాకు రోషమొచ్చింది. మర్నాడు నడుము లోతు నీళ్ళలో దిగి, ఇనుప బ్రష్షుతో ప్రతి బండనూ తెల్లగా తోమాను. మళ్ళీ పచ్చబడుతుంటే మళ్ళీ తోమాను.

నీళ్ళు తేరుకున్నాక చేపలు ఎవరి బండకు వాళ్ళన్నట్టు వచ్చాయి. గీకాయి. ఏమీ లేదు. అయినా పక్కదాన్ని తరుముతూ, ఆ ఖాళీ రాళ్ళకే కాపలా కాశాయి. కొన్నాళ్ళకు ఒకటి తేలుతూ కడవలోకొచ్చింది. నా భార్య దాన్ని అరచేతిలో పట్టుకుంది.

“నేనొక మాటంటి. నువ్వు పానాలు తీస్తివి.”

చివరికి ఒక్కటే మిగిలింది. చెరువు నుంచి పాచి పట్టిన రాయి మోసుకొచ్చి, దాని బండకు జానెడు దూరంలో దించాను. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

“పో, తిను” అంటోంది ఆమె మెల్లగా.

చేప ఒకసారి అటు తిరిగింది. తిరిగి తన బోడి బండకే పోయి నోరు ఆనించింది. మర్నాటికి అదీ లేదు. కళ్ళు మూస్తే ఇప్పటికీ ఆ నోరే.

వానలు పడ్డాక బండల మీద పాచి జుట్టులా, బెత్తెడు మందాన పెరిగింది. మేసే నోరు లేదు. నీళ్ళు కంపు కొట్టాయి. బావికి గాలి సోకిందని జనం విడిచిపెట్టారు. మేమిద్దరం కాదనలేదు.