చివరి ఆకు మీది చేతిరాత

ఆన్‌లైన్ తెలుగు విజ్ఞాన సర్వస్వంలో నేను ఖాతా తెరిచిన రోజే నా చర్చ పేజీలో ఒక సందేశం వచ్చి పడింది. "స్వాగతం. తప్పులు చేయడానికి భయపడకండి, సరిదిద్దడానికి మేమున్నాం" అని. తప్పులు చేయడంలో నాకు అప్పటికే మంచి అనుభవం ఉంది కాబట్టి సరైన చోటికే వచ్చాననుకున్నాను.

ఆ సందేశం పెట్టినాయన ఈ పరాయి దేశంలో నేనుండే ఊళ్లోనే, సెరంగూన్ పేటలో ఉంటారని తర్వాత తెలిసింది. మాది పుంగ్గోల్, ఒకే రైలు దారి. కృష్ణా జిల్లా మనిషి, బ్యాంకులో ఉద్యోగం, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మొదటిసారి ఎదురుపడగానే "చెల్లెమ్మా" అన్నారు. నేను "అన్నయ్యా" అన్నాను. ఊరు కాని ఊళ్లో చుట్టరికం కలవడానికి అంతకంటే ఏం కావాలి?

శనివారం పొద్దున్నే టాంపినీస్ లైబ్రరీలో కూర్చునేవాళ్లం. మాతో పాటు ఒక ఆంటీ. హైదరాబాద్ నుంచి ఎప్పుడో వచ్చి టాంపినీస్‌లోనే స్థిరపడిన రిటైర్డ్ టీచరు. మా ముగ్గురి పనీ ఒకటే. మతగ్రంథాల మీద పండితులు చేసిన పరిశోధనను తెలుగు పేజీలకెక్కించడం. భక్తి సంగతి కాదు. ఏ గ్రంథం ఎప్పటిది, ఏ ప్రతి దేన్ని చూసి రాసింది, లేఖకుడు ఎక్కడ కునుకు తీశాడు, ఇలాంటి సంగతులు. తెలుగులో అలాంటి పేజీలు చాలావరకు రెండు వాక్యాలు రాసి ఎవరో లేచి వెళ్లిపోయినట్టుండేవి. అన్నయ్యకు సంస్కృతం వచ్చు. ఆంటీకి అరబ్బీ చదవడం వచ్చు. నాకు టైపింగ్ వచ్చు.

అక్కడ ఒకటే శాసనం: మూలం. నువ్వు కళ్లారా చూసినా సరే, అది ఎక్కడ అచ్చయిందో చూపించకపోతే ఆ వాక్యం లేనట్టే. చూపించలేకపోతే వాక్యం పక్కన "మూలం కావాలి" అని ఒక ముద్ర పడుతుంది. నా వాక్యాల పక్కన అవి మశూచి పొక్కుల్లా లేచేవి. మా ఆయన నా బాధకు మూలశంక అని పేరు పెట్టి, శనివారం ఇంటికి రాగానే "ఇవాళైనా కూర్చోగలిగావా?" అని అడిగేవారు.

రెండేళ్లు మేం ఒకే పెద్ద వ్యాసం మీద కూర్చున్నాం, మతగ్రంథాల పాఠ పరిశోధన మీద. అందులో నాకు ప్రాణమైన భాగం ఒకటుంది. రెండు ప్రతుల్లో ఒప్పులు కలిస్తే దానివల్ల ఏమీ తేలదు. ఒప్పు ఎవరైనా రాస్తారు. తప్పులు కలిస్తే మాత్రం ఒకటి రెండోదాన్ని చూసి రాసిందని పట్టుకుంటారు పండితులు. అది నాకు నేర్పింది అన్నయ్యే. "పరీక్షల్లో కాపీ కొట్టినవాళ్లని మాస్టారు పట్టుకున్నట్టేనమ్మా" అని ఎంత బాగా చెప్పారో.

ఆ వ్యాసంలో తెలుగు లిపి తాళపత్రాల భాగం నాకు అప్పగించారు. ఒక గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఒక ఉపనిషత్ వ్యాఖ్య ప్రతి ఫోటోలు చూసి, ఉత్సాహం ఆపుకోలేక, "చివరి ఆకు వేరొక లేఖకుని చేతిరాత, పంక్తులూ ఎక్కువ" అని రాసేశాను. మూలం నా కళ్లు తప్ప ఏమీ లేదు. మర్నాటికల్లా అన్నయ్య ముద్ర వేశారు. తీసేస్తానంటే, "ఉండనీ చెల్లెమ్మా, మంచి గమనిక. ఎవరో ఒకరు ఎక్కడో రాసే ఉంటారు" అన్నారు. నేను పొంగిపోయాను. నా మొత్తం పాండిత్యం ఆ ఒక్క ఆకు.

ఆ ఏడాది వ్యాసాన్ని మొదటి పేజీలో ప్రదర్శించడానికి ప్రతిపాదించాం. అలా ఎంపికైతే తెలుగులో ఇలాంటి వ్యాసానికి అది మొదటిసారి అవుతుంది. అన్నయ్య ఆఫీసులో అందరికీ చెప్పేశారు. అడ్డం ఒకటే, ఇంకా చెరగని నా ముద్ర. సరిగ్గా అప్పుడే మూలం దొరికింది. ఏదో చిన్న అంతర్జాల పత్రికలో వ్యాసం. ఎవరో పండితుడు ఆ తాళపత్రాల కట్టను స్వయంగా విప్పి చూశానంటూ, చివరి ఆకు వేరే చేతిరాత అని రాశాడు. లింకు తెచ్చింది అన్నయ్యే.

"చూశావా, నీ కన్ను పండితుడి కన్ను" అన్నారు.

ఆ రోజు అందరికీ కోపీ, అదే ఇక్కడి కాఫీ, నేనే ఇప్పించాను. లింకు తెరిచి మొత్తం చదవలేదు. నన్ను పొగిడే కాగితాన్ని నేనెప్పుడూ అనుమానించలేదు.

రెండు వారాల తర్వాత, అన్నయ్య రాని శనివారం, ఆంటీ కళ్లద్దాలు నుదుటికి ఎక్కించి స్క్రీన్‌కి ముక్కు ఆనించి కూర్చున్నారు.

"బేటా, ఇట్ల రా. ఈ ఆఖరి ఆకుకి కట్టిన చీటీ చూడు. నంబర్ వేరే ఉంది కదా?"

చూశాను. వేరే. ఫోటో తీసినవాళ్లు రెండు కట్టలు పక్కపక్కన పెట్టారు. నా చివరి ఆకు పక్క కట్టలోది. ఆకుకు అందక పోకకు పొందకపోవడమంటే ఏమిటో ఆ క్షణం తెలిసింది.

"అయ్యో ఆంటీ, రెండేళ్లుగా తప్పు రాశాను."

"తప్పైతే దిద్దుకుంటం, దానికేముంది. గానీ ఒక్కటి చెప్పు." ఆవిడ గొంతు తగ్గించారు. "కట్ట విప్పి చూసిన అంటుండు గా పండితుడు. కట్టల లేని ఆకు ఆయనకి ఎట్ల కనవడ్డది?"

జవాబు మా వ్యాసంలోనే ఉంది. తప్పులు కలిస్తే ఒకటి రెండోదాన్ని చూసి రాసింది. అప్పుడు ఆ పత్రిక వ్యాసం మొదటిసారి పూర్తిగా చదివాను. మూడో పేరాలో, పరీక్షల్లో కాపీ కొట్టినవాళ్లని మాస్టారు పట్టుకున్నట్టే, అని ఉంది.

మర్నాడు సెరంగూన్‌లో వాళ్ల బ్లాక్ కింద కాఫీ షాపులో కలిశాను. అడగడానికి ఎంతో రిహార్సల్ చేసుకుని వెళ్లాను. అవసరం పడలేదు.

"నేనే రాశానమ్మా," అన్నారు కప్పులో చెంచా తిప్పుతూ. "ఆ ఒక్క ముద్ర కోసం రెండేళ్ల పని ఆగాలా?"

"పండితుడని రాశారు కదన్నయ్యా."

"నేను కానా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర మూలం లేదు. "ఆ వాక్యం తప్పు" అన్నాను. "ఆ ఆకు ఆ కట్టలోది కాదు."

"ఎవరికి తెలుసు?"

"మన ముగ్గురికి."

"ముగ్గురం మనవాళ్లమేగా! నీ వాక్యం నిలబెట్టడానికే కదమ్మా ఇదంతా."

నా కోసమే చేశారట. నిజం చెప్పొద్దూ, అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. అబద్ధం ఆయనదే అయినా దాన్ని నా పేరు మీద పుట్టించారు.

రైల్లో తిరిగి వస్తూ ఫోన్‌లోనే ఆ వాక్యాన్నీ, దాని మూలాన్నీ తీసేశాను. "నా పొరపాటు" అని సారాంశం రాశాను. ఇల్లు చేరేసరికి వాక్యం మళ్లీ వచ్చి కూర్చుంది. "మూలం ఉన్న సమాచారాన్ని తొలగించారు" అని అన్నయ్య నా మార్పును రద్దు చేశారు. నా చర్చ పేజీలో కొత్త సందేశం. పిచ్చి రాతలు రాసే కొత్తవాళ్లకు పెట్టే అచ్చు హెచ్చరిక అది, నేనే ఎంతోమందికి పెట్టాను. "నమస్కారం. మీ మార్పు నిర్మాణాత్మకంగా లేదు. ప్రయోగాలకు ప్రయోగశాల పేజీని వాడండి." చెల్లెమ్మను కాదు, వాడుకరిని. అక్కడ సభ్యులందర్నీ అలాగే అంటారు గానీ, ఎవరు ఎవరిని వాడుకున్నారో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

పేజీ పైన ఆయన స్వాగతం, అడుగున ఆయన హెచ్చరిక, మధ్యలో ఆయన నేర్పిన రెండేళ్ల పాఠాలు. మా అమ్మాయి నా భుజం మీదుగా చూసి, "జస్ట్ డిలీట్ లా, అమ్మా" అంది. డిలీట్ చేసినా చరిత్ర ట్యాబ్‌లో అన్నీ ఉంటాయని దానికి తెలియదు.

నేను వ్యాసం చర్చ పేజీలో రాశాను. మొదట నా తప్పు: రెండు కట్టల ఫోటో, చీటీ మీది నంబరు. తర్వాత, ఆ పత్రిక వ్యాసం మా పేజీని చూసే రాసిందనీ, దానికి రుజువు నా తప్పు అందులోనూ ఉండడమేననీ. రాసింది ఎవరో రాయలేదు. ఆయనే చెబుతారని చోటు వదిలాను. కింద ఆంటీ ఒక్క ముక్క రాశారు: "నేనూ చూశాను. ఇది నిజం." ఆయన ఏమీ రాయలేదు. వాక్యం పోయింది, ప్రతిపాదనా పోయింది. మా మిగతా మూలాలన్నీ మళ్లీ పరిశీలించాలని నిర్వాహకులు నిర్ణయించారు. వాళ్లది న్యాయమే.

ఆ శనివారం ఆంటీ, నేను మొదటి మూలం నుంచి మొదలుపెట్టాం. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో ఆవిడ తిండి కోసం వరసలో నిలబడితే, నేను అలవాటు కొద్దీ సీట్లు చోప్ చేశాను, అంటే మావని గుర్తు పెట్టి ఆపాను. ఒక్కో కుర్చీ ముందు ఒక్కో టిష్యూ ప్యాకెట్, మూడు కుర్చీలకు మూడు.

ట్రే పట్టుకున్న ఒక ముసలాయన మూడో కుర్చీ చూపించి, ఎవరైనా వస్తున్నారా అని అడిగాడు. అన్నయ్య ఎప్పుడూ దిగి వచ్చే లిఫ్ట్ వైపు ఒకసారి చూసి, ఆ ప్యాకెట్ తీసి బ్యాగులో వేసుకున్నాను.