ధనలక్ష్మి ఎండబెట్టిన తొట్లు

పూసపాటిరేగ దాటి సముద్రం వైపు తిరిగితే ఒడ్డు పొడుగునా రొయ్యపిల్లల్ని పుట్టించి చెరువుల రైతులకు అమ్మే హేచరీలే. వాటిలో పెద్దది థాయిలాండ్ కంపెనీది. వనామీ అనే విదేశీ జాతి రొయ్య ఈ తీరానికి వచ్చిన కొత్తలో, మత్స్యకారుల పేట నుంచి అందులో పనికి కుదిరిన మొదటి ఆడవాళ్ళలో ధనలక్ష్మి ఒకతె. అంతకు ముందు చేపలగంపతో విజయనగరం బస్సెక్కేది.

నోయి అనే థాయి అమ్మాయి ఆమెకు పని నేర్పింది. తొట్టి తొట్టికీ వేరే వల, లోపలికి అడుగుపెట్టే ముందు కాళ్ళు మందునీళ్ళలో ముంచడం, గ్లాసులో పిల్లల్ని వెలుతురుకు పట్టి చూడడం. ధనలక్ష్మికి చేపను చూడగానే మంచిచెడ్డలు పోల్చే కన్ను ముందే ఉంది. కంటికి కనిపించని పిల్లల సంగతి మాత్రం అక్కడే తెలిసింది.

2016లో అత్తకు కాలు విరిగింది. అంతదూరం పనికి వెళ్ళడం కుదరక, పేట పక్కనే ఉన్న హరిబాబు హేచరీలో చేరింది. హరిబాబు వరి రైతుల ఇంటివాడు, ఉన్నదంతా ఆ తొట్లలోనే పెట్టాడు. రొయ్యపిల్లలు మాత్రం దక్కడం లేదు.

"అక్కడేటి సేసీవోరో ఇక్కడా అదే సెయ్యమ్మా. నేను అడ్డం రాను" అన్నాడు.

ఆమె అన్నీ మార్చింది. పనివాళ్ళు నవ్వుకున్నా చేయించింది. అయినా మొదటి విడత పిల్లలు తెల్లబడి తొట్టి అడుక్కి దిగిపోయాయి. హరిబాబు ఆమెను తప్పుపట్టకుండా తనే వల పట్టుకుని చచ్చిన పిల్లల్ని తోడిపోశాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. చేతులు నేర్చింది తనకు వచ్చు, ఎందుకు చెయ్యాలో మాత్రం పూర్తిగా తెలియదని అప్పుడు తెలుసుకుంది.

మొహమాటం చంపుకుని పాత కంపెనీ గేటు దగ్గర నిలబడింది. నోయి బయటికొచ్చి, జరిగిందంతా విని, ఇక్కడ నేర్చుకున్న తెలుగులో ఒక్కటే అడిగింది.

"తొట్టి ఖాళీ అయ్యాక ఎండకు పెట్టారా? పైపులు కూడా?"

"లేదమ్మా. అక్కడ ఆ పని వేరేవోళ్ళు సేసీవోరు, నాకు తెలీదు. సీడు పిల్లల కోసం రైతులు కాసుకుని ఉన్నారని ఎంటనే నీళ్ళెట్టీసినాం."

"జబ్బు పైపులో ఉంది. కొత్త నీళ్ళు పోస్తే దానికి భోజనం."

ధనలక్ష్మి "మాకెందుకు సెప్పతన్నావు? మేం మీకు పోటీయే కదా" అంది.

నోయి సముద్రం వైపు చెయ్యి చూపింది. "మీరు వదిలిన నీళ్ళు అక్కడికే. మేం తోడే నీళ్ళూ అక్కడివే. మీ పిల్లలు చస్తే రేపు మావీ చస్తాయి. ఇంకా, నువ్వు బాగా పని నేర్చావు. అది పాడైతే నాకు బాధ."

తిరిగొచ్చి విషయం చెబితే హరిబాబు తల పట్టుకున్నాడు. "సీజన్ నడిమిన మూసీమంటావా? బేరాలన్నీ పక్కోడికి పోతాయి."

"పోతే పోనీ బావూ. సచ్చిన పిల్లల్ని అమ్మలేం గదా. పైపులు ఊడదీయించు, నాను దగ్గరుండి ఎండెట్టిస్తాను."

అతను ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే తనే పానా పట్టుకుని పైపులు విప్పడం మొదలుపెట్టాడు. తొట్లు ఎండి పగుళ్ళు కనిపించాయి. ఆ పగుళ్ళలోనే పాత మురికి దాక్కుని ఉందని అప్పుడు చూశారు. గీకి, కడిగి, మళ్ళీ ఎండబెట్టారు.

తరవాతి విడత పిల్లలు గ్లాసులో ఏటికి ఎదురీదినట్టు ఈదాయి. రణస్థలం రైతులు పట్టుకెళ్ళి, ఇంకా కావాలని మళ్ళీ మనుషుల్ని పంపారు.

ఆ సంగతి విని చుట్టుపక్కల చిన్న హేచరీల వాళ్ళు ధనలక్ష్మి దగ్గరకు రావడం మొదలుపెట్టారు. ఆమె ఎవరికీ లేదనలేదు. కొండబాబు అనే ఆయన హేచరీకి తనే వెళ్ళి పైపులు విప్పించి వచ్చింది. హరిబాబుకు ఇది నచ్చలేదు.

"మనం నష్టపోయి నేర్సుకున్నది ఊరందరికీ పంచీడమేటమ్మా?"

"ఆళ్ళ తొట్లలో తెగులొస్తే మన పంపుకే ఎక్కుతాది బావూ."

హరిబాబు చాలాసేపు గొణిగాడు. అయినా ఆ వారమే, ఆమె ఊళ్ళు తిరగడానికి ఇబ్బంది పడకుండా తన స్కూటరు తాళాలు ఆమె భర్త గంగులు చేతికిచ్చి, "ధనలక్ష్మిని జాగర్తగా తీసుకెళ్ళి తీసుకురా" అన్నాడు.