రోలు అరగకూడదని

మెట్రో స్తంభాలు లేస్తున్న మయూర్ విహార్‌లో, మా అమ్మాయి ఫ్లాటు కింద ఒకడు మసాలా నూరే రాయికి గరుకు తేలేలా ఉలితో కక్కు కొడుతున్నాడు. పై అంతస్తు పెద్దమనిషి "అరే భయ్యా, బంద్ కరో యే ఠక్ ఠక్!" అని, ఆ చప్పుడు ఆపమని కసిరాడు. నాకు ఒళ్ళు మండింది. రాతిపొడి వాసన తగిలాక ఆ మంట నా మీదికే తిరిగింది.

మా నాన్నదీ ఇదే పని. ఆయన కక్కు కొట్టిన రోలు ఆరు నెలలకే నున్నబడేది. మళ్ళీ అదే గుమ్మం ఎక్కి కక్కు కొట్టేవాడు. ఆయనకు పని రాదేమోనని నా అనుమానం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆయన మంచినీళ్ళకు వెళ్ళిన సందు చూసి, ఇక జన్మలో అరగకూడదని ఒక రోలు నిండా ఆయన ఉలితో లోతుగా పొడిచాను.

మర్నాడు ఆ ఇంటావిడ కేకేసి నిలదీసింది. "పచ్చడి నిండా రాళ్ళే! నువ్వేం పనివాడివయ్యా?"

నాన్న నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"తప్పు నాదేనమ్మా," అని, పొద్దుగూకే దాకా వేలితో తడుముకుంటూ ఆ రోలు మళ్ళీ కొట్టాడు.

దారిలో అడిగాను. "ఎలాగూ అరిగేదానికి అంత చూసి కొట్టడం ఎందుకు నాన్నా?"

"అరగాలిరా. అరిగిందంటే ఆ ఇంట్లో పిల్లలు తిన్నట్టు."

మర్నాటి నుంచి ఉలి నా చేతికిచ్చి, నెమ్మదిగా కొట్టడం నేర్పాడు. అంటే అది నా పనేనని ఆయనకు తెలుసన్నమాట. నేనే, ఆయన పోయేదాకా ఒప్పుకోలేదు.