మా నాన్న తొడుక్కున్న గాజులు

1989 జూలై 12, బుధవారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలు. నిన్న పాత పెట్టె సర్దుతుంటే దొరికిన ఈ పసుపుపచ్చ అట్టకార్డు మీద తేదీ మాత్రమే ఉంది. గంట నా జ్ఞాపకంలో ఉంది, ఎందుకంటే నాచారం బిస్కెట్ల కార్ఖానాలో చాయ్ సైరన్ సరిగ్గా ఇది రాస్తుండగానే మోగింది. గర్భిణులకు దవాఖానాలో ఇచ్చే కార్డు ఇది. రక్తపోటు అన్న గడిలో 120/80 అని అందమైన అంకెలు. అంచున నూనె మరక ఒకటి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కొబ్బరినూనె వాసన లీలగా తగులుతుంది.

మేము లంబాడీలం. దేవరకొండ అవతలి తండాలో వరుసగా వానలు తప్పిన ఏళ్లలో మావాళ్లు పది కుటుంబాలుగా బయలుదేరి వచ్చి, నాచారం కార్ఖానాల గోడలకూ ఉప్పల్ వెళ్లే బాటకూ మధ్యనున్న ఖాళీ జాగాలో రేకుల గుడిసెలు వేసుకున్నారు. అమ్మను యాడి అనీ, నాన్నను బా అనీ, నాన్నమ్మను దాది అనీ పిలిచేదాన్ని. బా ఆ బిస్కెట్ల కార్ఖానాలోనే లారీలకు పెట్టెలు ఎత్తేవాడు. పొద్దున కాలిన చక్కెర వాసన, మధ్యాహ్నం గాలి తిరిగితే మందుల కంపెనీ ఘాటు, సాయంత్రం దాది కట్టెల పొయ్యి మీద కాల్చే జొన్నరొట్టె వాసన: మా ఇంట్లో గడియారం లేకపోయినా పొద్దు ఎంతయిందో ముక్కే చెప్పేది. బా సంచిలో తెచ్చే విరిగిన బిస్కెట్లను వేడి రొట్టెలో చుట్టుకుని తింటూ, కార్ఖానా బయట పారేసిన తగరపు మూతలతో తొక్కుడుబిళ్ల ఆడుకుంటూ, మాకు ఏదో తక్కువైందన్న సంగతి చాలాకాలం తెలియకుండానే పెరిగాను.

యాడి నడుస్తుంటే లంగాకు కుట్టిన అద్దాల వెలుగు గుడిసె గోడల మీద గంతులేసేది. ఆమె రెండు చేతులకూ మణికట్టు నుంచి భుజం దాకా తెల్లటి గాజులు. పెళ్లినాడు తొడిగిన ఆ గాజులను భర్త పోయిన రోజునే తీయాలన్నది మావాళ్ల కట్టుబాటు.

ఆ బుధవారం యాడి, పక్కింటి కమిలి, ఆ పక్కింటి మంగ్లి, ముగ్గురు గర్భిణులూ దవాఖానాకు బయలుదేరారు. చదవడం వచ్చినది నాకొక్కదానికే కనుక నాలుగో తరగతిలో ఉన్న నన్నూ ఆ పూట బడి మానిపించి తీసుకెళ్లారు. వరుసలో ముందు నిలబడినా, మా లంగాలు చూసి వరుస చివరికి పంపారు. ఎట్టకేలకు లోపలికి పిలిచిన నర్సు, రక్తపోటు కొలిచే పట్టీ చేతిలో పట్టుకుని యాడి గాజుల వంక చూసింది.

“గాజులు దీసి రమ్మంటే తీయరు. పట్టీ యాడ కట్టాలె, మీ నెత్తికా?” అని, పట్టీ పక్కన పెట్టి కార్డు మీద రాసేసింది.

దారిలో మూడు కార్డులూ చదివాను. ముగ్గురికీ 120/80. మా తరగతిలో ముగ్గురికి ఒకే తప్పు జవాబు వస్తే, ఒకరిది చూసి ఒకరు రాశారని పంతులుగారు ముగ్గురినీ బల్ల ఎక్కించేవారు.

“సూసి రాసింది, యాడీ,” అన్నాను.

“రాయనీ. అందరికి మంచిగనే రాసింది గదా,” అంది యాడి.

కానీ ఆమె కాళ్ల కడియాలు మాంసంలోకి దిగబడి ఉన్నాయి. పొద్దస్తమానం తలనొప్పి. నా తర్వాత ఇద్దరు పిల్లలు తండాలో ఇలాగే కాళ్లు వాచిన నెలల్లోనే పుట్టి, ఊపిరి తీసుకోకుండానే పోయారు. దాది ఆ మాట ఎత్తేది కాదు. యాడి కాళ్ల వంక మాత్రం రోజూ చూసేది.

తర్వాతి మంగళవారం శీత్లా పండుగ. పిల్లలను, పశువులను కాపాడమని మావాళ్లు మొక్కే ఆ తల్లి ముందు గుగ్గిళ్లు, బెల్లపు పాయసం పోసి, వాటి మీదుగా పశువులను నడిపించాలి. మాకు పశువులు లేవు కనుక చిల్కానగర్ పాలాయన మేకను అడిగి తెచ్చాం. అది దాటడం మాని గుగ్గిళ్లన్నీ తినేసింది. దాది కూడా నవ్వేసింది.

మరునాడు, గర్భిణులను చూసే బుధవారం, దాది కూడా మాతో వచ్చింది. దవాఖానాలో కొత్త నర్సు ఉంది. సునందమ్మ అట, మెడలో చిన్న శిలువ. నేను మూడు కార్డులూ ఆమె బల్ల మీద వరుసగా పరిచాను. ఆమె ఒక్కొక్కటే చదివింది.

“ఇవి కొలిచి రాసినయి గావు, బిడ్డా,” అంది. యాడి పాదాన్ని వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. “అక్కా, ఒక్క చేతియి తీయి. ఐదు నిమిషాలల్ల మళ్ల ఏస్కోవచ్చు.”

“మొగడు బతికుండంగ తీస్తనా? ఆని పానం మీదికి తెస్తనా?”

సునందమ్మ కసురుకోలేదు. “నా పెండ్లి ఉంగరం తీయమంటే నేను గూడ జంకుత. అవ్వా, పెద్దదానివి, నువ్వే ఒక తొవ్వ జెప్పు,” అని దాది వైపు తిరిగింది.

దాది గడపలో కూర్చుని ఆలోచించింది. “గాజులు నేల మీద పెట్టొద్దు, పరాయి చేతికియ్యొద్దు. మొగడే తొడుక్కుంటే తీసినట్టెట్ల అయితది? పోయి నీ బాని తోల్కరా,” అంది నాతో.

కార్ఖానా గేటు దాకా పరిగెత్తాను. బా ఒంటినిండా బిస్కెట్ పొడితోనే వచ్చాడు. సునందమ్మ తన సంచిలోని కొబ్బరినూనె సీసా ఇచ్చింది. దాది ఒక్కొక్క గాజే జార్చి కొడుకు చేతికి ఎక్కించింది. మోచేతి పైవి అతని మణికట్టు దాకా ఎక్కాయి. చిన్నవి వేళ్ల దగ్గరే ఆగాయి. వరుసలోని ఆడవాళ్లంతా తలుపు దగ్గర గుమిగూడారు.

“బావా, మస్తున్నవ్. రవిక గూడ కుట్టియ్యాల్నా?” అంది కమిలి.

“కుట్టియ్యి. అద్దాలు జర ఎక్కువ పెట్టు,” అన్నాడు బా, చేయి దించకుండా.

సునందమ్మ ఒకసారి కొలిచింది. మళ్లీ కొలిచింది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె గబగబా చీటీ రాసి, “బీపీ మస్తెక్కువున్నది. పెద్దాసుపత్రికి ఇప్పుడే పోవాలె. గాజులు తర్వాత,” అని బయటికి వచ్చి తనే ఆటోను ఆపింది.

అలా మా బా చేతినిండా గాజులతో హైదరాబాదు సగం దాటాడు. యాడిని మూడు వారాలకు పైగా అక్కడే ఉంచారు. సూదులన్నీ ఆ చేతికే కనుక గాజులు తిరిగి ఎక్కలేదు. పెద్దవి రెండు చొక్కా చేతి కింద, మిగిలినవి దారానికి గుచ్చి నడుముకు కట్టుకుని బా పెట్టెలు ఎత్తేవాడు. అతను వంగినప్పుడల్లా గలగలమనేవట. శ్రావణంలో, మా ఆడపిల్లలం తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతున్న రోజుల్లో, యాడి నా తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చింది. పిల్లిపిల్లంత ఉన్నాడు, ఏడుపు మాత్రం కార్ఖానా సైరన్‌కు తీసిపోదు. దాది కొడుకు నడుము నుంచి గాజులు విప్పి కోడలి చేతికి తిరిగి తొడిగింది.

ఇప్పుడు ఆ జాగాలో అపార్ట్‌మెంట్లున్నాయి. బిస్కెట్ల కార్ఖానా మూతపడింది. మావాళ్లు కొందరు అన్నోజిగూడ వైపు వెళ్లిపోయారు. వాళ్ల కోడళ్ల చేతులకు మట్టిగాజులు రెండేసి ఉంటాయి. తమ్ముడు పుట్టిన ఆ ఏడాది మొదలుకొని బుధవారాల్లో మా బస్తీ మగవాళ్లు భార్యల గాజుల కోసం దవాఖానా ముందు చేతులు చాచి నిలబడేవారు. రెండేళ్లకు సునందమ్మకు బదిలీ అయింది. తర్వాత వచ్చినవాళ్లతో మా ఆడవాళ్లు, కొలిచిన తర్వాతే రాయమని చెప్పడం నేర్చుకున్నారు. కొలవకుండా రాయడం మా బస్తీలో ఆగిపోయింది. మేము వదిలివచ్చిన తండాలో మాత్రం అసలు కొలిచే మనిషి రావడానికే ఇంకా చాలా ఏళ్లు పట్టింది.