నల్లవల గ్రౌండు

శుక్రవారం పొద్దున్నే సిద్దిరాములు ఉతికిన తెల్ల అంగీ తొడుక్కొని, మేడ్చల్ పోయే బస్సెక్కి కాలేజీ గేటు దగ్గర దిగాడు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి కొత్త స్టేడియం ప్రారంభం, ఆ వెంటనే ఫుట్‌బాల్ ఆట. ఆయనకు కార్డెవరూ పంపలేదు. పంపుతారని ఆయనా అనుకోలేదు. తుర్కపల్లి ల్యాబులో పనిచేసే కూతురు స్రవంతి, కంపెనీ కారులోంచి రోడ్డు పక్కన ఫ్లెక్సీ చూసి వచ్చి చెబితే తెలిసింది. ఆయన వచ్చింది స్టేడియం చూడడానికి కాదు, అక్కడి పాత గ్రౌండులో గోలుకు కట్టిన వల అడిగి తీసుకుపోవడానికి. మూట కట్టేందుకు జేబులో నల్లదారం ఉండ కూడా వేసుకొచ్చాడు.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషికి ఫుట్‌బాల్ వలతో పనేమిటంటారా? ఆ వల అల్లింది ఆయనా, ఆయన భార్య ముత్తమ్మానూ. ముత్తమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె అల్లిన చేపల వలలన్నీ చిరిగి ఒకటొకటిగా పోయాయి. చెరువు వలకు ఆయుష్షెంత, నాలుగు వానాకాలాలు. ఇల్లంతా వెతికినా ఆమె వేసిన ముడి ఒక్కటి మిగల్లేదు. ఫోటో ఉంది గానీ, అది ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేయించింది. అందులో ముత్తమ్మ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటుంది.

ముత్తమ్మది ఎడమచేతి వాటం. అందరి ముడి ఒక దిక్కు తిరిగితే ఆమె ముడి ఇంకో దిక్కు తిరిగేది. కళ్లు మూసుకొని తడిమినా సిద్దిరాములు అది ఆమె ముడి అని చెప్పగలడు. వేయడం మాత్రం రాదు. ఆమె నేర్పబోతే "నీది సక్కంగ లేదు, నాకెందుకే" అని నవ్వి ఊరుకునేవాడు. ఆమె పోయాక ఎన్నిసార్లు కూర్చున్నా, ఎడమచేత్తో మొదలుపెట్టిన ముడి సగంలోకి వచ్చేసరికి తన ముడే అయిపోయేది. మనిషి ఉన్నన్నాళ్లు విలువ తెలియదని ఊరికే అన్నారా.

ముప్పై ఐదేళ్ల కిందట ఆ కాలేజీ గ్రౌండును స్టేడియం అంటే నవ్వేవాళ్లు. ఎర్రమట్టి నేల, ఒక పక్క నాలుగు వరసల సిమెంటు మెట్లు, పడమర నుంచి తూర్పుకు వాలు. వాలుకు ఆడే జట్టు సగం గెలిచినట్టే. తూర్పు గోలు వెనక పెద్ద నల్లతుమ్మ చెట్టు ఉండేది. ఏడాదికి పది బంతులైనా దాని ముళ్లకు బలయ్యేవి. వానాకాలం మూలన నీళ్లు నిలిస్తే బంతి అక్కడ ఆగి, ఆటగాళ్లు జారిపడి, చూసేవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్లు. బర్రెలు వస్తే ఆట ఆగేది. అవి పోయేదాకా రిఫరీ కూడా మెట్ల మీద కూర్చొని పల్లీలు తినేవాడు.

అప్పట్లో గోలుకు వల లేదు. పీటీ సారు ఫణిభూషణ్ అడిగితే కాలేజీ వాళ్లు వచ్చే ఏడు చూద్దామన్నారు. సారుకు అప్పుడే ఉద్యోగమొచ్చింది, ఉడుకు నెత్తురు. సైకిలెక్కి నేరుగా చెరువుకట్టకు వచ్చాడు.

"సిద్దన్నా, నాకో రెండు వలలు అల్లియ్యాలె."

"ఏం చాపకు సారూ?"

"చాపకు కాదన్నా, బంతికి."

వెనక నుంచి ముత్తమ్మ అందుకుంది. "బంతి ఎంతుంటది సారూ?" సారు రెండు చేతులతో చూపించాడు. "గంతేనా! మూడు కిలోల బొచ్చె చాపంత."

వల అల్లడమైతే బాగానే అల్లారు. నూలు దారం వానకు కుళ్లకూడదని, చేపల వలలకు చేసినట్టే తుమ్మచెక్క ఉడకబెట్టి ఆ కషాయంలో నానబెట్టారు. వల కారునలుపు తేలింది. అడుగున నిలవాలి కదా అని సీసం గుండ్లు కూడా గుచ్చారు. మొదటి ఆట మచ్చ బొల్లారం కుర్రాళ్లతో. వాళ్లు కొట్టిన బంతి తూర్పు గోలులో పడింది. వెనక తుమ్మచెట్టు నలుపు, ముందు వల నలుపు. బంతి లోపలికి పోయిందో బయటికి పోయిందో రిఫరీకి తెలియలేదు. అరగంట కొట్లాట జరిగింది. పైగా మన గోలుకీపరు సీసం గుండును తన్నుకొని కుంటుతూ పోయాడు. సారు తలపట్టుకున్నాడు.

"గోలు వల తెల్లగుండాలె సిద్దన్నా!"

"మంచిగ చెప్పినవు సారూ," అంది ముత్తమ్మ. "తెల్లగుంటే చాప చూడదా? చూసినంక వడ్తదా?"

ఆ మాటకు సారు నవ్వేశాడు. గుండ్లు తీయించాడు గానీ నలుపు ఉంచేశాడు. ఎందుకంటే ఆ ఏడు బయటి జట్లు గోలు ఎక్కడుందో వెతుక్కుంటుంటే మనవాళ్లు అలవాటుపడి దంచికొట్టారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ గ్రౌండుకు నల్లవల గ్రౌండని పేరు పడిపోయింది.

ముత్తమ్మ ప్రతి ఆటకూ వచ్చేది. ఆట అర్థమై కాదు, తన వల ఆగుతుందా లేదా చూసుకోవడానికి. తుమ్మచెట్టు కింద కూర్చొని, బంతి వలలో పడగానే "పడ్డదీ!" అని అరిచేది, చెరువులో అరిచినట్టే. నెల తిరక్కముందే మెట్ల మీది జనమంతా అదే అరుపు అందుకున్నారు. అక్కడ గోలని ఎవరూ అనలేదు. పడ్డదనే అన్నారు.

వలలు పాడైనప్పుడల్లా మళ్లీ అల్లారు. ఆఖరి వల కరోనాకు ముందటేడు అల్లారు. తూర్పు గోలుది. ముత్తమ్మ ఒక కొస నుంచి, ఆయన ఇంకో కొస నుంచి మొదలుపెట్టి నడుమ కలిశారు. ఆ కలిసిన గీత దగ్గర ముడులు ఎదురెదురుగా తిరిగి ఉంటాయి. ఇప్పుడు ఆయనకు కావలసింది ఆ వలే.

గేటు దగ్గర వాచ్‌మన్ బాలమల్లు ఆయన్ను చూడగానే నవ్వాడు. వల మాట ఎత్తగానే నవ్వు తగ్గింది.

"ఛాయ్ తాగుదాం పా అన్నా."

"ఛాయ్ తర్వాత. వల ఏడుంది?"

"పాత సామానంత ఎత్తిపోసిన్రన్నా. మస్తు పెద్ద పనాయె గద..."

"పారేసిన్రా?"

"పారెయ్యలేదు," అన్నాడు బాలమల్లు నేల చూస్తూ. "పా, సూపిస్త."

ప్రహరీ వెనక అతని గది. గది పక్కన వెదుళ్లు పాతి, వాటికి నల్లవల కట్టి, దాని మీదికి చిక్కుడు తీగ పాకించారు. ఊదారంగు పూలు, గుత్తులుగుత్తులుగా కాయలు. బాలమల్లు భార్య సరళ ఒడినిండా కోసుకుంటూ, వచ్చినాయన ఎవరో తెలియక సంబరంగా పలకరించింది. సిద్దిరాములుకు ఒళ్లు మండింది.

"గిదేమన్న పందిరి అనుకున్నరా? నా పెండ్లాం చేతుల వల ఇది!"

సరళ గాబరాపడింది. మొగుడు చెప్పాక సంగతి అర్థమై, "వదినెదా! నాకెరుక లేదన్నా. ఇప్పుడే తీగ కోసేస్త, తీస్కపో," అని కొడవలికి లోపలికి పోయింది.

పందిరికి ఉన్నది సగం వలే. "ఇంకో సగమేది?" అని అడిగాడు సిద్దిరాములు.

"గా సగం నేల మీద పడి చెదలు తిన్నదన్నా," అన్నాడు బాలమల్లు.

సిద్దిరాములు ఆకుల మధ్య చెయ్యి పెట్టి ముడి తడిమాడు. ఎడమకు తిరిగి ఉంది. ఇంకోటి తడిమాడు. అదీ అంతే. చెదలు తిన్నది తన సగం. నిలిచింది ముత్తమ్మ సగం. ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె ఉంటే తప్పు చెదల మీదికి పోనిచ్చేదా? "నీ ముడి గంతనే" అని వారం రోజులు ఎత్తిపొడిచేది.

తీగ అడ్డం రాకుండా గోడ వైపు నుంచి వల వెనక్కి పోయి నిలబడ్డాడు. అక్కడి నుంచి ముడి విప్పారినట్టు కనిపించింది. దారం ఎటు పోయింది, ఎటు తిరిగి వచ్చింది, బొటనవేలు ఎక్కడ ఆనించి ఉంటుంది, అన్నీ తెలిశాయి. ఇన్నేళ్లూ ఆమెకు ఎదురుగా కూర్చొని చూశాడు. ఆమె కూర్చున్న దిక్కు నుంచి ఒక్కనాడూ చూడలేదు. తన బుద్ధిని తానే తిట్టుకున్నాడు.

సరళ కొడవలి తెచ్చింది.

"వద్దు చెల్లె," అన్నాడు సిద్దిరాములు. "గుడ్లున్న చాప వలల పడితే మీ వదినె మళ్ల చెరువుల ఇడిచేది. గిది నిండు కాపు మీదున్నది. ఉండనియ్యి."

"మరి వల?"

"కాపు అయిపోయినంక కబురు జెయ్యి. అస్త."

సరళ ఇచ్చిన చిక్కుడుకాయలను తువ్వాలలో మూట కట్టుకొని, బాలమల్లు వెంట స్టేడియంలోకి పోయాడు. వాలు లేదు, ఎర్రమట్టి లేదు. ప్లాస్టిక్ గడ్డి మీద గీతలు కూడా దాంట్లోనే ఉన్నాయి. తుమ్మచెట్టు ఉన్నచోట లైట్ల స్తంభం. బాగుంది, బాగాలేదనడానికి లేదు. ఆయనకు మాత్రం చుట్టాలింటికి వచ్చి తెలియని గదిలో కూర్చున్నట్టుంది.

తూర్పు గోలుకు కంపెనీ వల, మల్లెపువ్వులా తెల్లనిది. చెయ్యి వేసి చూశాడు. ముడే లేదు. మిషన్ మీద దారంలో దారం కలిపి అల్లేశారు. కింద ఎడమ మూల మాత్రం రెండు క్లిప్పులు ఊడి, బంతి పట్టేంత సందు ఉంది. అక్కడ కుర్చీలు వేస్తున్న పనివాణ్ని పిలిచి చూపించాడు.

"కంపెనీ ఆయన సోమవారం అస్తడు," అన్నాడు వాడు.

"ఆట ఇయ్యాల గదనయ్యా!"

వాడు భుజాలెగరేసి పోయాడు. సిద్దిరాములు గోలు వెనక చతికిలబడి జేబులోంచి నల్లదారం తీశాడు. ఎడమచేత్తో మొదలుపెట్టాడు. మొదటిది తప్పింది. రెండోదీ తప్పింది. కళ్లు మూసుకొని, చిక్కుడు తీగ వెనక చూసింది తలచుకుంటూ మూడోది వేశాడు. గట్టిగా లాగి తడిమి చూస్తే ఎడమకు తిరిగి ఉంది. ఆయన కాసేపు ఆ ముడి మీద నుంచి వేలు తీయలేదు. తర్వాత వరసగా ఏడు ముడులు వేసి మూల మూసేశాడు. తెల్లవల మూలన జానెడు నలుపు మిగిలింది.

సాయంత్రం పెద్దలు వచ్చారు, ఉపన్యాసాలు ఇచ్చారు, శాలువాలు కప్పారు. శాలువాల్లో ఒకటి ఫణిభూషణ్ సారుది. ఆయన రిటైరై బహదూర్‌పల్లిలో స్థిరపడి ఆరేళ్లయింది. సిద్దిరాములు పై వరసలో, మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆట సగం దాటినా గోలు పడలేదు. ఇంకో పది నిమిషాలుందనగా మన కాలేజీ కుర్రాడొకడు బంతిని నేలబారుగా తన్నాడు. అది గోలుకీపరు చేతికింద నుంచి దూరి, తిన్నగా తూర్పు గోలు ఎడమ మూలకే పోయింది. వల ఉబ్బింది. ఆగింది.

"పడ్డదీ!"

తాను లేచి నిలబడ్డట్టు సిద్దిరాములుకు అరిచాకే తెలిసింది. చుట్టూ ఉన్న పిల్లలు ఈయనకేమైందని చూశారు. కింద అతిథుల కుర్చీల్లోంచి శాలువా కప్పుకున్న ముసలాయన ఒకరు గబుక్కున లేచి, వెనక్కి తిరిగి, చెయ్యెత్తి అరిచాడు. "పడ్డదిరో!"

ఆట అయిపోగానే ఫణిభూషణ్ సారు మెట్లెక్కి వచ్చి సిద్దిరాములు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయాసం తీర్చుకుంటూ అటూ ఇటూ చూశాడు.

"గా గొంతు ఇనంగనే గుర్తువట్టిన సిద్దన్నా. ముత్తమ్మ ఏది? రాలేదా?"

 సిద్దిరాములు తూర్పు గోలు వైపు చెయ్యి చూపించాడు.

"అచ్చింది సారూ. అగో, గా మూలకున్నది."

సారు కళ్లద్దాలు సరిచేసుకొని అటు చూశాడు.