పెదవుల మీద వేలు

బారిడీహ్ ఉక్కు కార్మికుల కాలనీలో మా పక్క క్వార్టర్ చెల్లెమ్మ ఎవరొచ్చినా పెదవుల మీద వేలు పెట్టేది. నైట్ డ్యూటీ దిగిన మొగుడు పడుకున్నాడని అర్థం. చంటిపిల్ల ఏడవకుండా, ఎప్పుడో దద్దుర్లకిచ్చిన సిరప్‌ను చేతికందిన చెంచాతో పట్టేసి నిద్రపుచ్చేది.

"దద్దుర్లు తగ్గాయి కదమ్మా, ఇంకా ఏటికి?" అన్నానొకసారి.

"నిద్దర సాలకుండా ఆయన ఫర్నేస్ కాడికెల్తే ఏటవుద్ది అన్నయ్యా?"

ఒక మధ్యాహ్నం పిల్ల ఎంత తట్టినా లేవలేదు. ఆస్పత్రికి పరుగెత్తాం. సాయంత్రానికి కళ్లు తెరిచింది.

"ఇది జోకొట్టే మందు కాదు. దురదుంటేనే, చెప్పిన కొలతే పట్టాలి" అని డాక్టరు ఆమెను కసిరాడు. నిజమే. ఆ ఒంటిగది ఇంట్లో పిల్ల ఎక్కడ ఏడవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆపైన ఆయన లేచేదాకా, ఏడ్చే పిల్లను చంకనేసుకుని ఎండలో తిరిగేది. ఇంటికంత దూరంలో ఎదురైనా, నన్ను చూడగానే వేలు పెదవుల మీదికే వెళ్లేది.