సూర్రావు గారి అరచెయ్యి

వేడి తవుడు వాసన తగిలితే చాలు, నా కుడికాలు దానంతటదే కదులుతుంది. మొన్న మండపేట వెళ్తుంటే బస్సు ఒక ధాన్యం మిల్లు ముందు ఆగింది. కిటికీలోంచి ఆ వాసన వచ్చిందో లేదో, ముందు సీటు కింద నా కాలు డ్రమ్ము కొట్టడం మొదలెట్టింది. ఆ సీట్లో కూర్చున్న పెద్దావిడ వెనక్కి తిరిగి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. బాగానే ఉందండి అని సర్దుకుంటుంటే ఫోను మోగింది. హైదరాబాదు నుంచి ఒక పాటల కంపెనీ మనిషి. మా బ్యాండు మొదటి ఆల్బమ్‌కి పదేళ్ళు నిండుతున్నాయట, దాన్ని కొత్తగా మళ్ళీ విడుదల చేస్తారట, ఒకే ఒక్క చిన్న దిద్దుబాటుకి ఒప్పుకుంటే చాలునట. ఆ దిద్దుబాటు ఏంటో అతను చెప్పకముందే నాకు తెలుసు. పదేళ్ళ క్రితం ఇంకో కంపెనీ కూడా సరిగ్గా అదే అడిగింది. సాయంత్రం చెబుతానని పెట్టేశాను. దారంతా సూర్రావు గారే గుర్తొచ్చారు.

మా బ్యాండు పేరు నూకలు. పాడుతూ గిటారు వాయించేది శ్రీను, బేస్ గిటారు చంటి, డ్రమ్స్ నేను. విరిగిన బియ్యానికి బజార్లో ఎంత విలువుందో ఊళ్ళో మాకూ అంతే ఉండేది కాబట్టి, ఎవరో పెట్టేలోపు ఆ పేరు మేమే పెట్టుకున్నాం. ఆడపిల్ల డ్రమ్ములు బాదడమేంటని మా పెద్దమ్మ నెల రోజులు మాతో మాట్లాడలేదు. ఆ నెల ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. పెళ్ళి బ్యాండులో చేరిపోరాదా అని వీధి చివర వెటకారం చేసేవాళ్ళు. నా చేతికి మొదటి పుల్లలిచ్చింది పెళ్ళి బ్యాండు వాళ్ళేనని, వాళ్ళలో సగం మంది కొట్టినట్టు కొట్టినా నా జన్మ ధన్యమేనని చెప్పేసి వచ్చేదాన్ని.

శ్రీను వాళ్ళ మేనమామకి ఒక పాత ధాన్యం మిల్లుండేది. దాని పక్క గోదాములోనే మా సాధన. చుట్టూ తవుడు బస్తాలు పేర్చి ఉండేవి కాబట్టి ఎంత మోత మోగించినా బయటికి పోయేది కాదు. సూర్రావు గారు ఆ మిల్లుకి డ్రైవరు. మా వైపు మిల్లు మిషను నడిపే మనిషిని డ్రైవరనే అంటాం. నలభై ఏళ్ళు ఆ హోరులో బతికి చెవులు దాదాపుగా పోగొట్టుకున్నారాయన. తలకి తువ్వాలు, కనుబొమల మీద తవుడు, మాట్లాడితే ఏటి అవతలి మనిషిని పిలిచినట్టుండేది. కానీ మిషనుకి ఏ చిన్న తేడా వచ్చినా అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. అరచెయ్యి మిషను చెక్కపెట్టెకి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. వినేవారనే అంటాను, ఎవరు నవ్వినా సరే.

ఒక ఆదివారం మేం వాయిస్తుంటే నేరుగా వచ్చి నా పెద్ద డ్రమ్ము మీద చెయ్యి పెట్టారు. కాసేపు అలాగే ఉండి, నన్ను లెమ్మని సైగ చేసి మిల్లులోకి తీసుకెళ్ళారు. నా చెయ్యి పట్టుకుని చెక్కపెట్టెకి ఆనించారు.

"కళ్ళు మూసుకో అమ్మాయ్. పైన తొట్టిలో ధాన్యం ఎప్పుడు అయిపోవస్తుందో చెప్పు."

నాకు చెయ్యంతా జివ్వుమనడం తప్ప ఏమీ తెలియలేదు. తోచినప్పుడు అయిపోయిందండి అన్నాను. ఆయన నిచ్చెన చూపించారు. ఎక్కి చూస్తే తొట్టి సగానికి పైగా ఉంది. తప్పు చెప్పిన ప్రతిసారీ ఎక్కి చూసి రావాల్సిందే. ఆ నిచ్చెన ఎక్కీ దిగీ నా మోకాళ్ళు పట్టేశాయి. పోనీ మీరైనా చెప్పండి బాబూ అని విసుక్కుంటే, చెబితే చెవికి తెలుస్తుంది గానీ చేతికి తెలియదు అనేవారు. చివరికి ఒకరోజు తెలిసింది. తొట్టి నిండుగా ఉన్నంతసేపు మిషను బరువు మోస్తున్నట్టు నిదానంగా నడుస్తుంది. ధాన్యం పలచబడేకొద్దీ ఆ బరువు దిగిపోయి, బెల్టు కొంచెం కొంచెంగా పరుగందుకుంటుంది. ఆ రోజు నేను చెప్పిన వెంటనే ఆయన ఎడమచెయ్యి పైకెత్తి మీట లాగి మిషను ఆపేశారు. నిచ్చెన ఎక్కమనలేదు. నాకు జీవితంలో వచ్చిన మొదటి మెచ్చుకోలు అది.

ఆల్బమ్‌లో చివరి పాట పేరు ఆఖరి బస్తా. రోజంతా బస్తాలు మోసిన మనిషి యజమానితో పెట్టుకునే గొడవ ఆ పాట. కోపంతో కేకలు పెడుతూనే వాడు అండి అంటాడు. రాక్ పాటలో అండి ఏంటని తర్వాత చాలామంది నవ్వారు. మా వైపు తిట్టేటప్పుడు కూడా అండి అంటాం, అది మా మర్యాద, నచ్చకపోతే చెవులు మూసుకోవచ్చండి. ఆ పాట రికార్డు చేసిన రోజు కోతల కాలం, మిల్లు ఆపే వీల్లేదు. సరే కానివ్వమని మిషను నడుస్తుండగానే వాయించాం. మిల్లుకీ గోదాముకీ మధ్య ఉన్న చెక్కగోడకి నా వీపు ఆనించి ఉంది.

ఆ రికార్డింగు పట్టుకుని ముగ్గురం హైదరాబాదు వెళ్ళాం. కంపెనీ పెద్దమనిషి అన్నీ విని, పాటలు బాగున్నాయన్నాడు. కానీ ఆఖరి బస్తాలో డ్రమ్స్ అమ్మాయికి నిలకడ లేదు, చివరికొచ్చేసరికి చెయ్యి పరుగెత్తిపోతోంది అన్నాడు. కంప్యూటర్లో దాన్ని గీత గీసినట్టు సరిచేయించి మాకే వినిపించి, ఒక కాపీ చేతిలో పెట్టాడు. దీనికి ఒప్పుకుంటే విడుదల చేస్తానని, ఇక మీదట డ్రమ్స్‌కి తమ మనిషిని పెట్టుకోవాలని చెప్పాడు. తిరుగు రైలెక్కాం. నిడదవోలులో బండి ఆగినప్పుడు శ్రీను, నీ ఇష్టమే అన్నాడు, నా మొహం చూడకుండా. చంటి కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తూ కూర్చున్నాడు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. నిజంగానే నా చెయ్యి మంచిది కాదనుకున్నాను. ఇంటికెళ్ళి డ్రమ్స్ అమ్మేద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మిల్లుకి వెళ్తే సూర్రావు గారు ఏమైందన్నట్టు తలెగరేశారు. కంపెనీ సరిచేసిన పాట శ్రీను స్పీకర్లో పెట్టాడు. ఆయన చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అరచెయ్యి స్పీకరుకి ఆనించి కళ్ళు మూసుకున్నారు. పాట ముగిసింది. ఆయన చెయ్యి తియ్యలేదు.

"అయిపోయిందండి," అని శ్రీను ఆయన భుజం తట్టాడు.

"ఎక్కడ అయిపోయింది? తొట్టి నిండుగానే ఉంది కదా?"

శ్రీను ఈసారి మేం వాయించింది పెట్టాడు. పాట చివరికొచ్చేసరికి ఆయన వేళ్ళు విచ్చుకున్నాయి. ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచి, గాల్లో మీట కోసం వెతికింది. మీట దొరక్క కళ్ళు తెరిచి, సిగ్గుపడి నవ్వారు. ఖాళీగా తిరిగితే మిషను పాడైపోతుంది కదా, అలవాటు అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నీ చెయ్యి పరుగెత్తలేదమ్మా. ధాన్యం అయిపోయింది."

నేను ఏడ్చేశాను, దాచుకునేదేముంది. రికార్డు చేసిన రోజు చెక్కగోడకి ఆనించిన నా వీపుకి తొట్టిలో ధాన్యం తరిగిపోవడం తెలిసింది, చేతులు మిల్లుతో పాటు నడిచాయి. అది నాకే తెలియలేదు. చంటి అక్కడికక్కడే ఫోను తీసి, మీ దిద్దుబాటు మీ దగ్గరే ఉంచుకోండి అని కంపెనీకి చెప్పేశాడు. నెలన్నర పోయాక ఆల్బమ్ మేమే నెట్‌లో పెట్టుకున్నాం. మొదట్లో మా ఇళ్ళవాళ్ళు కూడా చివరిదాకా వినలేదు. తర్వాత తర్వాత ఎక్కడ వాయించినా ఆ పాట పరుగందుకునే చోటికి రాగానే జనం లేచి నిలబడటం మొదలైంది. ఎందుకు లేస్తున్నారో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

సూర్రావు గారు పోయి నాలుగేళ్ళయింది. ఆయనకి నూకలు చెల్లాయమ్మా అని ఫోన్లో ఎవరో అంటే ఒళ్ళు మండింది. మా బ్యాండు ఉన్నంతకాలం ఎలా చెల్లుతాయి? మిల్లు కూడా లేదిప్పుడు, ఆ చోట ఫంక్షన్ హాలు కట్టారు. వాయించబోయే ముందు నేను స్టేజీ చెక్క మీద అరచెయ్యి పెడతాను. దండం పెట్టుకుంటున్నాననుకుంటారు జనం. అనుకోనివ్వండి.

ఆ సాయంత్రం కంపెనీ మనిషే మళ్ళీ ఫోను చేశాడు. అప్పట్లో మీరు చిన్నవాళ్ళు కదండీ, చివర్లో చెయ్యి కాస్త పరుగెత్తింది, ఇప్పుడు రెండు నిమిషాల్లో సరిచేసేయొచ్చు అన్నాడు.

"నా చెయ్యి పరుగెత్తలేదండి. ధాన్యం అయిపోయింది."

ఏ ధాన్యమండీ అన్నాడు పాపం. స్పీకరు మీద చెయ్యి పెట్టి వినమని, తెలిస్తే ఉన్నదున్నట్టు విడుదల చేయమని, తెలియకపోతే మా జోలికి రావద్దని చెప్పి పెట్టేశాను. తర్వాత ఆ పాట పెట్టుకుని, గదిలో ఒక్కదాన్నే స్పీకరుకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాను. చివరికొచ్చేసరికి బరువు దిగిపోవడం చేతికి తెలిసింది. నా ఎడమచెయ్యి పైకి లేచి గాల్లో మీట కోసం వెతికింది. మీట లేదు. ఉన్నా లాగేదాన్ని కాదు. పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.